వేషం మారినా నడక మారదు: అక్షరాలు మార్చి రాసే సంకేతలిపి ఎందుకు నిలవదు

హైదరాబాద్ చిక్కడపల్లిలో డిగ్రీ విద్యార్థులకు, ఆసక్తి ఉన్న మరికొందరికి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువైతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను.

ముందు ఒక ప్రశ్న. మీలో క-భాష ఎంతమందికి వచ్చు? సిగ్గుపడకండి, చేతులెత్తండి. చూశారా, సగం హాలు! "కనుకవ్వు కఎకప్పుకడు కవకస్తాకవు?" అంటే ఏంటమ్మా? అవును, "నువ్వు ఎప్పుడు వస్తావు?" చిన్నప్పుడు పెద్దవాళ్ల ముందే ఇలా మాట్లాడుకుని, వాళ్లకు ఒక్క ముక్కా తెలియలేదని సంబరపడ్డాం. కానీ వాళ్లూ చిన్నప్పుడు అదే భాష మాట్లాడినవాళ్లే కదా! అన్నీ వింటూనే ఉండేవాళ్లు.

రహస్యంగా రాసుకోవాలన్న కోరిక కొత్తది కాదు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి. అంటే మాటల్ని అక్షరాలు మార్చి, పరాయివాళ్లకు అర్థం కాకుండా చెప్పే విద్య. అటు రోమ్‌లో జూలియస్ సీజర్ ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు జరిపి ఉత్తరాలు రాసేవాడు. ఏ (A)కి బదులు డి (D), బి (B)కి బదులు ఈ (E). దీన్ని విప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలు 26 కాబట్టి 25 రకాలుగా జరిపి చూస్తే చాలు, ఒక దాంట్లో అర్థం వచ్చేస్తుంది.

సరే, జరపడం మానేద్దాం. ఏ అక్షరానికి ఏ అక్షరమైనా పెట్టుకుందాం. ఏకి క్యూ, బికి ఎం, సికి ఏ, ఇలా మన ఇష్టం వచ్చినట్టు ఒక పట్టిక. ఇప్పుడు ఎన్ని పట్టికలు వేయొచ్చు? ఇరవై ఆరు ఫ్యాక్టోరియల్, 26 నుంచి 1 దాకా ఉన్న సంఖ్యలన్నీ గుణించినంత. అంటే ఎంత? దాదాపు 4 రాసి పక్కన 26 సున్నాలు పెట్టండి. సెకనుకు వంద కోట్ల పట్టికలు పరీక్షించే కంప్యూటర్ మీ దగ్గర ఉందనుకుందాం. అన్నీ చూడటానికి ఎంతకాలం పడుతుంది? సుమారు 1,280 కోట్ల సంవత్సరాలు. విశ్వం వయసే 1,380 కోట్ల సంవత్సరాలు!

ఇది వినగానే ఏమనిపిస్తుంది? "ఇంకేం కావాలి సార్, దీన్ని ఎవరు విప్పగలరు?" అనిపిస్తుంది. నాకూ చదువుకునే రోజుల్లో అలాగే అనిపించింది. కానీ ఇలా రాసిన ఒక పేజీ ఉత్తరాన్ని, కాస్త అలవాటున్న మనిషి కాగితం, పెన్సిల్ పెట్టుకుని టీ తాగేలోపు విప్పేస్తాడు. కంప్యూటర్‌కైతే కన్ను మూసి తెరిచేంత సేపు కూడా పట్టదు. ఎలా? 1,280 కోట్ల ఏళ్ల పని టీ తాగేలోపు ఎలా అవుతుంది? ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే. ఇది అర్థమైతే మిగతాదంతా దాని వెనకే వచ్చేస్తుంది.

ఇక్కడికి మెట్రోలో వచ్చినవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. ఒక రాత్రి ఎవరో మెట్రో స్టేషన్ల బోర్డులన్నీ తారుమారు చేశారనుకోండి. అమీర్‌పేట బోర్డు తీసుకెళ్లి ఉప్పల్‌లో పెట్టారు, ఉప్పల్ బోర్డు తీసుకెళ్లి మియాపూర్‌లో పెట్టారు. అన్నీ అలాగే. పొద్దున తొమ్మిదింటికి మీరు అమీర్‌పేటలో దిగారు. బోర్డు మీద ఇంకేదో పేరుంది. మీరు మోసపోతారా? ఆ జనం, ఆ తొక్కిడి, ఒక లైను దిగి ఇంకో లైనుకు పరుగెత్తేవాళ్లు. బోర్డు మీద ఏం రాసి ఉన్నా అది అమీర్‌పేటే! ఒక్క అమీర్‌పేట దొరికిందంటే, ఎర్ర లైనులో పక్క స్టేషన్ పంజాగుట్ట, నీలం లైనులో పక్కది బేగంపేట. అక్కణ్నుంచి తీగ లాగితే డొంకంతా కదులుతుంది. లైను చివర ఉన్న స్టేషనైతే మరీ సులువు, బండి అక్కడ ఆగి వెనక్కి తిరుగుతుంది.

అక్షరాలకు అక్షరాలు మార్చి రాయడమంటే ఇదే. బోర్డులు మార్చాం. జనాన్ని మార్చామా? లైన్లను మార్చామా? లేదు. ఇంగ్లిష్‌లో ఈ (E) అనే అక్షరం అమీర్‌పేట లాంటిది. మామూలు రాతలో ప్రతి వంద అక్షరాల్లో పన్నెండు, పదమూడు అదే ఉంటుంది. దానికి ఏ వేషం వేసినా, కాగితం మీద ఎక్కువసార్లు కనిపించే గుర్తు అదేనని తెలిసిపోతుంది. క్యూ వచ్చిందంటే వెనకే యు వస్తుంది. మూడక్షరాల మాట పదేపదే వస్తోందంటే అది చాలావరకు 'ది' (the). శత్రువు నాలుగు పక్కన 26 సున్నాల పట్టికలు ఎందుకు వెతుకుతాడు? వెతకడు. లెక్కపెడతాడు. అంతే, లెక్కపెడతాడు.

ఈ లెక్కపెట్టే పద్ధతిని మనకు తెలిసినంతలో మొదట రాసిపెట్టినవాడు అల్ కిందీ. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న పండితుడు. అదే భాషలో ఉన్న మామూలు రాత ఒకటి తీసుకో, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు, తర్వాత రహస్య లిపిలో గుర్తులు లెక్కపెట్టు, రెండూ పోల్చు. ఆయన చెప్పిన ఉపాయం ఇంతే. అంటే ఈ సైఫర్ (సంకేతలిపి) బలహీనత కంప్యూటర్లు వచ్చాక పుట్టింది కాదు. వెయ్యేళ్లకు పైగా తెలిసినదే. ఆధునిక యంత్రాల వేగం ముందు ఆగలేక ఓడిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు, చేతి లెక్క ముందే ఓడిపోయింది.

తెలుగులో రాస్తే దొరకమేమో అని ఎవరో ముందు వరుసలో అంటున్నారు. మంచి ప్రశ్న బాబూ, దీని మీద కాసేపు ఆగుదాం.

మన లిపిలో ఒత్తులున్నాయి, గుణింతాలున్నాయి. అక్షరాలు ఎక్కువ కాబట్టి కొంచెం కష్టమవుతుంది, నిజమే. కానీ తెలుగుకూ తన నడక ఉంది. ఇంటికి రాసిన ఉత్తరం తీసుకోండి. అందులో అమ్మ ఉంటుంది, అక్క ఉంటుంది, అన్న, అత్త, అయ్య, అవ్వ. ఈ మాటల్ని గమనించారా ఎప్పుడైనా? అన్నీ అతోనే మొదలు. అన్నింటిలో రెండో అక్షరం కింద దాని ఒత్తే. మీరు అకు బదులు ఏ బొమ్మ గీసినా, మకు బదులు ఏ బొమ్మ గీసినా, "ఒకే బొమ్మతో మొదలై, రెండో బొమ్మకు తన ఒత్తే ఉన్న చిన్న మాటలు" ఉత్తరమంతా కనిపిస్తాయి. మన బంధుత్వాలే మనల్ని పట్టిస్తాయి! నాన్న చూడండి, హల్లంతా ఒకటే. తాత, మామ, పాప చూడండి, ఒకే హల్లు రెండుసార్లు, మొదటిదానికి దీర్ఘం. ఇక మాటల చివర చూస్తే లో, కి, తో, ను. వాక్యాల చివర డు, ది, రు. పాతకాలం ఉత్తరమైతే ఇంకా తేలిక. మొదలెట్టడమే "ఉభయకుశలోపరి" అని మొదలెడతారు! ఆ ఒక్క మాట ఊహించామంటే ఎనిమిది అక్షరాలు ఉచితంగా చేతికొచ్చినట్టే.

ఇలా ముందే ఊహించగల మాటతో తాళం తీయడం పెద్ద యుద్ధంలోనే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా మన పట్టికలాంటిది కాదు, అక్షరం అక్షరానికీ పట్టిక మారిపోయే యంత్రం. అయినా వాతావరణ నివేదికల్లో తప్పనిసరిగా వచ్చే మాటలు పట్టుకుని ఇంగ్లండ్‌లో రహస్య లిపులు విప్పే కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌లో దానిలోకి దారి చేసుకున్నారు. మారే పట్టికకే ఆ ప్రమాదం ఉంటే, మారని పట్టిక సంగతి చెప్పాలా?

కంప్యూటర్‌లో తెలుగు గురించి ఒక ముచ్చట చెబుతాను, ఇది కంప్యూటర్ సైన్స్ పిల్లలకు నచ్చుతుంది. కంప్యూటర్లు అక్షరాల్ని సంఖ్యలుగా దాచుకునే పద్ధతి యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు, అంటే మూడు చిన్న సంఖ్యలు. అందులో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, ఈ-సున్నా. రెండోది బి-సున్నా, లేదంటే బి-ఒకటి. మూడోదే ఎక్కువగా మారుతుంది. ఎవరైనా బైటుకు బైటు మార్చే పట్టిక వేసి తెలుగు ఫైలు దాచారనుకోండి. మాటల లోపల ప్రతి మూడో బైటూ ఒకటే కనిపిస్తుంది! లోపల ఏముందో చదవకముందే "ఇందులో మన లిపిలాంటిదేదో ఉంది" అని తెలిసిపోతుంది. దాచడం కాదది, చిరునామా రాసి పెట్టడం.

ఇప్పుడు నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి. కొన్నేళ్ల కిందట నగరంలోనే ఒక ఆఫీసు వాళ్లు పిలిచారు. పేరు అవసరం లేదు. జనం వివరాలు రెండు వేల వరుసలు ఒక ఫైల్లో ఉన్నాయి. పుట్టిన తేదీ, మొబైల్ నంబరు, పిన్‌కోడ్, ఆధార్ నంబరు. "అంతా ఎన్‌క్రిప్ట్ చేశాం సార్, టెన్షన్ లేదు" అన్నారు. చూస్తే అంకెకు ఒక అక్షరం చొప్పున పట్టిక వేసి మార్చారు. పది ఫ్యాక్టోరియల్, 36,28,800 రకాల పట్టికలు వేయొచ్చు, అందులో మాది ఏదో ఎవరికి తెలుసు అన్నారు. నేను చెప్పాను, పట్టిక నాకు చూపించకండి, ఫైలు ఒక్కటి ఇచ్చి కూర్చోండి అని.

బోర్డు మీద రాస్తాను, మీరూ నాతో పాటు విప్పండి. కాలమ్‌ల పేర్లు మామూలుగానే ఉన్నాయి, అంకెలకే వేషం.

మొదట పిన్‌కోడ్ కాలమ్. దాదాపు అన్ని వరుసల్లో మొదలు ఇలా ఉంది: మ, త, త. హైదరాబాద్‌లో ఉంటున్నాం, మన పిన్‌కోడ్ దేంతో మొదలవుతుంది? ఐదు, సున్నా, సున్నా. అంటే మ అంటే 5, త అంటే 0. రెండు అంకెలు దొరికాయి. పది సెకన్లు పట్టిందా?

తర్వాత పుట్టిన సంవత్సరం. కొన్ని వరుసల్లో ర, చ అని మొదలు. కొన్నింట్లో క, త అని మొదలు. సంవత్సరాలు 19తోనో 20తోనో మొదలవ్వాలి. త అంటే సున్నా అని తెలుసు. కాబట్టి క, త అంటే 20. క అంటే 2. మిగిలింది ర, చ. అది 19. ర అంటే 1, చ అంటే 9. ఐదు అంకెలయ్యాయి.

ఇప్పుడు తేదీ. తేదీలో మొదటి స్థానంలో ఏమేం రావొచ్చు? సున్నా, ఒకటి, రెండు, మూడు. అంతే. వీటిలో మూడింటి గుర్తులు మనకు తెలుసు, నాలుగో గుర్తు ప. అది 3. ఆరు అంకెలయ్యాయి.

మిగిలినవి 4, 6, 7, 8. మొబైల్ నంబర్లు దేంతో మొదలవుతాయమ్మా? ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. మిగిలిన నాలుగు గుర్తుల్లో మొబైల్ నంబరుకు మొదట్లో ఎప్పుడూ రానిది ఏది? అదే 4! రెండు వేల వరుసల్లో ఒక్కసారి కూడా రాలేదు.

ఇక 6, 7, 8. ఇది చూసి నాకే ఒళ్లు పులకరించింది. జూన్‌కు 30 రోజులే. జూలైకి, ఆగస్టుకు 31. 31వ తేదీ ఉన్న వరుసలన్నీ తీసి చూడండి. ఏ గుర్తు నెల స్థానంలో 31తో కలిసి ఎప్పుడూ రాదో అది 6. వచ్చే రెండూ 7, 8. క్యాలెండర్ విప్పింది ఆ తాళం! చివరికి ఏడేది, ఎనిమిదేది అన్నది మిగిలింది. సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి మేనేజర్ గారు తన సొంత వివరాలే మొదటి వరుసలో పెట్టుకున్నారు. ఆయన విజిటింగ్ కార్డు బల్ల మీద ఉంది. మొబైల్ నంబరు పోల్చాను. అయిపోయింది.

తర్వాత పక్క కాలమ్‌లో ఆధార్ నంబర్లు వరుసగా చదవడం మొదలుపెట్టాను. మూడోది చదువుతుండగా ఆయన "చాలు సార్" అన్నారు. ఆ రెండు వేల మందిలో ముసలివాళ్లున్నారు, చదువు రానివాళ్లున్నారు. తమ వివరాలు ఎక్కడ, ఎలా ఉన్నాయో వాళ్లకు తెలియదు. నమ్మి ఇచ్చారు. అందుకే నాకు ఈ విషయమంటే ఇంత పట్టుదల.

ఇక్కడ గమనించండి. నేను 36 లక్షల పట్టికల్లో ఎన్ని ప్రయత్నించాను? ఒక్కటి కూడా ప్రయత్నించలేదు. అంకెల అలవాట్లను చూశానంతే. పట్టిక ఎన్ని రకాలు అన్న లెక్క అసలు ఆటలోకే రాలేదు.

దీనికి ఇంకో రుజువు. 1977లో అమెరికా డీఈఎస్ అనే సంకేతలిపి పద్ధతిని ప్రమాణంగా తీసుకుంది. దానికి ఎన్ని కీలు, అంటే తాళంచెవుల్లాంటి రహస్య సంఖ్యలు? ఏడు పక్కన 16 సున్నాలు. మన 26 అక్షరాల పట్టికకు నాలుగు పక్కన 26 సున్నాలు. దేనికి ఎక్కువ? మన పట్టికకే! డీఈఎస్ కన్నా వందల కోట్ల రెట్లు ఎక్కువ. అయినా డీఈఎస్‌ను కీలు ఒక్కొక్కటే వెతికి విప్పడానికి 1998లో ప్రత్యేకంగా ఒక యంత్రం కట్టాల్సి వచ్చింది, దానికీ 56 గంటలు పట్టింది. మన పట్టికకు టీ తాగేంత సేపు చాలు. తాళంచెవులు ఎన్ని రకాలో లెక్కపెట్టి తాళం గట్టిదని చెప్పలేం.

ఈ పొరపాటుకు ప్రాణాలు కూడా పోయాయి. స్కాట్లండ్ రాణి మేరీ 1586లో చెరలో ఉండి, అక్షరాలకు గుర్తులు, కొన్ని మాటలకు విడిగా గుర్తులు పెట్టి ఉత్తరాలు నడిపింది. బీరు పీపాల్లో దాచి పంపేవారు. ఇంగ్లండ్ రాణి మంత్రి వాల్సింగమ్ దగ్గర ఫెలిప్స్ అనే మనిషి అవన్నీ విప్పేవాడు. విప్పాక మళ్లీ అంటించి పంపేవారు. తన లిపి భద్రంగా ఉందని నమ్మింది కాబట్టే ఆమె ఉత్తరాల్లో మనసు విప్పి రాసింది. 1587 ఫిబ్రవరిలో తల తీశారు. బలహీనమైన లిపి వాడటం కన్నా అది బలమైందని నమ్మడం ఎక్కువ ప్రమాదం. అసలు లిపే లేకపోతే ఆమె జాగ్రత్తగా రాసేదేమో. మొన్నమొన్న, 2006లో సిసిలీలో పట్టుబడ్డ మాఫియా పెద్ద ప్రొవెన్‌జానో చీటీల్లో కూడా అక్షరం వరుస సంఖ్యకు మూడు కలిపి రాసుకున్నాడు. సీజర్ పోయి రెండు వేల ఏళ్లు దాటాక కూడా!

మరి ఇప్పుడు ఏం చేస్తున్నారు? మీరు ఫోన్లో డబ్బు పంపితే, ఆ వివరాలు ఎలా భద్రంగా వెళ్తున్నాయి?

అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1949లో ఒక వ్యాసం అచ్చువేశారు. ఆయన లెక్క ప్రకారం, ఇంగ్లిష్‌లో ఇలా మార్చి రాసిన సుమారు 30 అక్షరాలు దొరికితే చాలు, అర్థమయ్యే జవాబు ఒక్కటే మిగులుతుంది. ముప్ఫై అక్షరాలంటే ఒక ఎస్సెమ్మెస్ కూడా కాదు! దీనికి విరుగుడుగా ఆయన రెండు గుణాలు కావాలన్నారు. ఒకటి, కీకీ, బయటికొచ్చే రాతకీ మధ్య సంబంధం చిక్కుముడిలా ఉండాలి. రెండోది, లోపలి ఒక్కో అక్షరం ప్రభావం బయటి రాత మొత్తం మీద పరుచుకోవాలి. మన పట్టికలో ఈ రెండోది అసలు లేదు. ఒక అక్షరం మారిస్తే ఒక గుర్తే మారుతుంది, పక్కదానికి తెలియను కూడా తెలియదు.

ఇప్పుడు లోకమంతా వాడే ఏఈఎస్ అనే పద్ధతి 2001లో ప్రమాణమైంది. డేమన్, రైమన్ అనే ఇద్దరు బెల్జియం వాళ్లు తయారుచేశారు. ఆశ్చర్యం ఏంటంటే దాని లోపల కూడా మార్పిడి పట్టిక ఉంది! 256 గడుల పట్టిక. అందులో రహస్యమేమీ లేదు, ఎవరైనా చూడొచ్చు. రహస్యం కీలో ఉంది. కానీ అది పట్టికతో ఆగదు. పదహారు బైట్లు తీసుకుని పట్టికతో మారుస్తుంది, వరుసలు జరుపుతుంది, నిలువు గడుల్ని కలిపి పిసుకుతుంది, కీ కలుపుతుంది. మళ్లీ మొదటి నుంచి. 128 బిట్ల కీ, అంటే 128 సున్నాలూ ఒకట్లూ ఉన్న కీ అయితే పదిసార్లు. చపాతీ పిండిలో ఉప్పు వేసి పిసికినట్టు. రెండు పిసుకుళ్లకే ప్రతి బైటులోనూ పదహారు బైట్ల రుచీ ఉంటుంది. లోపల ఒక్క బిట్టు మారిస్తే బయట దాదాపు సగం బిట్లు మారిపోతాయి. ఇక లెక్కపెట్టడానికి ఏముంది? అమీర్‌పేట లేదు, పంజాగుట్ట లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలు దీన్ని గట్టిగా పట్టుకోండి. ఒకే కీతో ఏఈఎస్‌ను ముక్క ముక్కకూ విడివిడిగా వాడితే అది కూడా ఒక మార్పిడి పట్టికే. పదహారు బైట్ల పెద్ద అక్షరాలున్న పట్టిక. ఒకే ముక్క మళ్లీ వస్తే ఒకే జవాబు మళ్లీ వస్తుంది. దీన్ని ఈసీబీ అంటారు. ఏఈఎస్ కాకపోయినా, 2013లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ పాస్‌వర్డ్‌లు కోట్ల సంఖ్యలో బయటికొచ్చినప్పుడు జరిగింది ఇలాంటిదే. అక్కడ వాడింది డీఈఎస్‌ను మూడుసార్లు తిప్పే పద్ధతి. సైఫర్‌ను ఎవరూ విప్పలేదు, విప్పాల్సిన అవసరమే రాలేదు. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లందరికీ ఒకే రాత కనిపించింది. ఎక్కువమందికి ఉన్న రాత ఏ పాస్‌వర్డ్ అయి ఉంటుంది? లెక్కపెట్టారు. పక్కనే జనం రాసుకున్న గుర్తు మాటలు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. అల్ కిందీ చెప్పిన లెక్కే మళ్లీ! అందుకే ఇప్పుడు ప్రతిసారీ కొత్త సంఖ్య ఒకటి కలిపి, ఒకే మాటకు ప్రతిసారీ వేరే రాత వచ్చేలా చేస్తారు. కోడ్ రాసేటప్పుడు సొంత పట్టికలు వేయకండి, పరీక్షకు నిలిచిన రెడీమేడ్ కోడ్ లైబ్రరీ వాడండి. దాన్ని ఏ పద్ధతిలో వాడుతున్నారో కూడా చూసుకోండి.

ఆ ఆఫీసు వాళ్లు కూడా తర్వాత మార్చుకున్నారు. కొన్నాళ్లకు అక్కడ ఫైలు చూసుకునే అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఒకే పిన్‌కోడ్ ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు ఫైల్లో వేర్వేరుగా కనిపిస్తున్నారు, ఏదైనా పాడైందా?" అని అడిగింది. పాడవలేదమ్మా, ఇప్పుడే బాగైంది అన్నాను.

సరే, ఇక కాగితాలు పంచుతున్నారు. ఇవి నిజమైన వివరాలు కావు, నేను కూర్చుని కల్పించినవి, 60 వరుసలు. పట్టిక కొత్తది, బోర్డు మీదున్నది పనిచేయదు. ఇద్దరిద్దరు కలిసి కూర్చోండి. వెనక వరుసకు పెన్సిళ్లు అందాయా? పిన్‌కోడ్ కాలమ్‌తో మొదలుపెట్టండి. 31వ తేదీలు ఏ వరుసల్లో ఉన్నాయో గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరమవుతాయి.